మానవశాస్త్ర పట్టమునకు కావలసిన యోగ్యత

విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2025 ఆగస్టు నెలలో తొమ్మిది విషయములకు పట్టపరీక్షా పాఠ్యప్రణాళికల ముసాయిదాలను ప్రకటించి, వానిపై దేశీయుల అభిప్రాయములను కోరిరి. గణితము, రసాయనము, అర్థశాస్త్రము, వాణిజ్యము మొదలగువానితోపాటు మానవశాస్త్రమును ఆ తొమ్మిదింటిలో ఒకటి. గణితపు ముసాయిదాపై పండితులలో గొప్ప వాదము చెలరేగెను. మానవశాస్త్రమును గూర్చి మన తెలుగునాట విచారించినవారు మాత్రము అరుదు. ఉద్యోగము దొరకని చదువని తల్లిదండ్రులు దాని వంక చూడరు. విద్యార్థులు చేరని చదువని కళాశాలలవారు దానిని పెట్టరు. ఈ ఉపేక్ష తగదని మా అభిప్రాయము. శ్రీకాకుళము మొదలు ఆదిలాబాదు వరకు మన్యసీమలు వ్యాపించియున్న మన రెండు రాష్ట్రములకు ఈ శాస్త్రముతో గల సంబంధము మఱి యే శాస్త్రముతో గల సంబంధమునకును తీసిపోదు. ఈ చదువు సరిగా సాగనిచో కలుగు నష్టము పరీక్షాపత్రములలో గాక మనుష్యుల బ్రతుకులలో కనబడును.

మనుష్యుని సర్వతోముఖముగా పరిశీలించునది మానవశాస్త్రము. దానికి నాలుగు శాఖలు చెప్పుట వాడుక. దేహనిర్మాణమును, వంశానుక్రమమును విచారించునది భౌతికశాఖ. కుటుంబము, వివాహము, భూమిహక్కు, దైవారాధన మున్నగు కట్టుబాట్లను విచారించునది సాంఘికశాఖ. వ్రాత పుట్టకమునుపటి మానవుని పనిముట్లను, నివాసములను త్రవ్వి తీయునది పురావస్తుశాఖ. నుడుల స్వరూపమును పరిశోధించునది భాషాశాఖ. అమెరికాలో ఫ్రాంజ్ బోయాసు కాలమునుండి ఈ నాలుగింటిని ఒక్క పట్టమున కలిపి బోధించుట ఆచారమైనది. మన దేశమున మొదటి మూడింటికి ప్రాధాన్యమిచ్చి భాషాశాఖను వెనుకకు నెట్టిరి. దీనివలన వచ్చిన లోపమును ముందు చూపెదము.

పట్టపు చదువునకు నిధుల సంఘమువారు 2022 డిసెంబరులో వేసిన చట్రము ఇట్లున్నది. మూడేండ్ల పట్టమునకు 120 క్రెడిట్లు, నాలుగేండ్ల ఆనర్సు పట్టమునకు 160 క్రెడిట్లు కావలెను. ఇందు మేజరు అనబడు ప్రధానవిషయమునకు మూడేండ్లలో కనీసము 60, నాలుగేండ్లలో 80. మైనరు అనబడు ఉపవిషయమునకు మూడేండ్లలో 24, నాలుగేండ్లలో 32. అనగా చదువులో సగము ప్రధానవిషయము, అయిదవవంతు ఉపవిషయము. మిగిలినది భాషలకును, ఇతర విషయ పరిచయమునకును, వృత్తినైపుణ్యమునకును పంచబడినది. ఆంధ్రప్రదేశమున 2023–24 విద్యాసంవత్సరమున మూడు సమాన విషయములు చదువు పాత పద్ధతిని తొలగించి, ఒకే ప్రధానవిషయము గల పద్ధతిని ప్రవేశపెట్టిరి. క్రెడిట్టు అనగా బోధనకైనచో 15 గంటలు; ప్రయోగశాలలోగాని, బయటి ప్రదేశములలోగాని చేయు పనికైనచో 30 గంటలు. లెక్క చక్కగనే యున్నది. ఆ గంటలలో ఏమి చేయింతురన్నదే ప్రశ్న.

ఈ చట్రమున ఒక నిబంధన కలదు. మొదటి ఆరు అర్ధసంవత్సరములలో నూటికి 75 మార్కులు తెచ్చుకొన్నవారికే నాలుగవ యేట 12 క్రెడిట్ల పరిశోధన చేయు అర్హత కలుగును. తక్కినవారు దానికి బదులు మఱి మూడు పాఠ్యములు చదివి ఆనర్సు పట్టమును పొందవచ్చును. గణితమునకు ఇది తగియుండవచ్చును. మానవశాస్త్రమునకు మాత్రము ఇది తలక్రిందుల న్యాయము. ఈ శాస్త్రమున జనులమధ్యకు పోయి, వారితో నివసించి, వారి మాట విని వ్రాసికొనుట చదువు ముగిసిన పిమ్మట లభించు బహుమానము కాదు, అదియే చదువు. రోగిని చూడకుండ వైద్యపట్టము నిత్తుమన్న నెవరైన నొప్పుకొందురా? 74 మార్కుల విద్యార్థి పల్లెను చూడకుండనే మానవశాస్త్రమున ఆనర్సు పట్టభద్రుడగుటకు ఈ నిబంధన దారి విడిచినది. అందరికిని 2 మొదలు 4 క్రెడిట్ల వేసవి శిక్షణము కలదనిన సమాధానము చాలదు. దానిని పట్టణములోని ఏ కార్యాలయముననైనను ముగింపవచ్చును.

జనులను ఎరుగక జనులను గూర్చి వ్రాసిన శాస్త్రము ఎంతటి హాని చేయునో మన దేశ చరిత్రయే చెప్పును. హెర్బర్టు రిస్లీ 1891లో బంగాళాదేశపు కులములను గూర్చిన సంపుటములను ప్రకటించి, ముక్కు వెడల్పును బట్టి కులముల ఎక్కువతక్కువలు ఏర్పడియున్నవని వాదించెను. 1901 జనాభా లెక్కలకు ఆయనయే కమిషనరు. మనుష్యులను పుట్టుకనుబట్టి తరగతులుగా విభజించు ఆ బుద్ధియే అంతకుముందు 1871లో నేరస్థ జాతుల చట్టమును పుట్టించినది. 1911 చట్టముతో అది చెన్నరాజధానికిని వ్యాపించెను. గుంటూరు సీమలో స్టూవర్టుపురము ఎరుకలవారి నిర్బంధ నివాసముగా ఏర్పడినది ఆ చట్టము నీడలోనే. తల్లి గర్భమునుండి వెలువడిన శిశువునకే నేరస్థుడని ముద్రవేసిన ఆ శాసనము 1952లో రద్దయ్యెను; ముద్ర మాత్రము జనుల మనస్సులనుండి ఇంకను చెరగలేదు. కొలబద్ద చేతబట్టినవారందరు రిస్లీలని మా భావము కాదు. బోయాసు అమెరికాలో వలసవచ్చినవారిని, వారి బిడ్డలను సుమారు 18 వేలమందిని కొలిచి, తల ఆకారము సైతము పరిసరములనుబట్టి మారునని 1911 ప్రాంతమున చూపెను. కొలతతో పుట్టిన భ్రమను కొలతయే తొలగించినది. కావున ప్రధానవిషయముగా చదువువాడు కొలుచుటయు నేర్వవలెను. కొలత యెట్లు దుర్వినియోగమైనదో ఆ చరిత్రయు నేర్వవలెను.

ఈ శాస్త్రమును మన దేశీయులు స్వాధీనము చేసికొన్న కథ ఉత్సాహకరమైనది. అశుతోష ముఖర్జీ పూనికతో 1920లో కలకత్తా విశ్వవిద్యాలయమున మానవశాస్త్ర విభాగము వెలసెను. కొచ్చి సంస్థానపు కులములను, తెగలను గూర్చి గ్రంథములు వ్రాసిన అనంతకృష్ణ అయ్యరు అక్కడ బోధకుడయ్యెను. రాంచీలో న్యాయవాదియగు శరచ్చంద్ర రాయి, ముండాల ఆచారములుగాని భాషగాని ఎరుగని న్యాయస్థానములలో వారికి న్యాయము దుర్లభమగుటను కన్నులార చూచి వారిని గూర్చి పరిశోధనకు దిగెను. 1912లో ముండాలపై గ్రంథమును, 1921లో ‘మాన్ ఇన్ ఇండియా’ పత్రికను వెలువరించెను. నిర్మల కుమార బోసు 1946–47లో గాంధీమహాత్ముడు నౌఖాలీ గ్రామములలో నడచినపుడు ఆయన వెంట కార్యదర్శిగాను దుబాసీగాను నడచెను. ఆ పిమ్మట భారత మానవశాస్త్ర పరిశీలన శాఖకు డైరెక్టరయ్యెను. వీరిలో ఒక్కరును గదిలో కూర్చుండి శాస్త్రజ్ఞులైనవారు కారు.

మన తెలుగువారికిని ఇట్టి ఆదర్శము లేకపోలేదు. గిడుగు వేంకట రామమూర్తిగారిని వ్యావహారిక భాషావాదిగా అందరును ఎరుగుదురు. ఆయన వాదముతో ఏకీభవింపని వారు సైతము శిరస్సు వంచవలసిన పని మఱియొకటి ఆయన చేసెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, కొండలనుండి దిగివచ్చు సవరల నుడిని వారి నోటినుండియే నేర్చి, సవర బాలురకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు పూనుకొనెను. 1931లో సవర భాషా వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. సవరభాష తెలుగునకు చుట్టము కాదు. ముండా కుటుంబమునకు చెందినది. అట్టి భాషను నేర్చుటకు ఎన్ని సంవత్సరముల ఓర్పు కావలసియుండునో ఊహింపవచ్చును. ఆయనకు మానవశాస్త్ర పట్టము లేదు. నేడు ఆ పట్టమును పొంది కోయ, గోండీ, సవర, కువి భాషలలో ఒక్కదానినైనను మాటాడలేనివానిని ఏమనవలెను? భాషాశాఖను వెనుకకు నెట్టుటవలన కలిగిన లోపము ఇదియే. దుబాసీ నోట విన్నది సగము మాట. ఆ సగము మాటపై వ్రాసిన నివేదిక ఆధారముగా వచ్చు శాసనము సగము న్యాయమే చేయును.

ఈ మాట అతిశయోక్తి కాదు. 1879లో రంపలో పితూరీ లేచినది. ఇంటి అవసరమునకు కల్లు గీచికొను కొండవారిపై పన్ను పడుటయు, మన్సబుదారు దౌర్జన్యమును దానికి కారణములు. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున గూడెము మన్యము లేచినది. అడవి నిర్బంధములును, బాటలు వేయుటకు చేయించిన వెట్టియు దానికి కారణములు. 1940లో ఆదిలాబాదు సీమయందు జోడేఘాట్ కొండలలో కొమరం భీము తుపాకికి నేలకూలెను. పోడు చేసికొను గోండులను రిజర్వు అడవులనుండి వెడలగొట్టుట దానికి కారణము. ప్రభువులు మారినను, సీమలు వేరైనను, మూడు తావులందును రోగము ఒక్కటియే. కొండవారికి భూమి యన నేమో, అడవి యన నేమో ఎరుగని అధికారి కాగితముపై గీచిన గీత రక్తముతో చెరిపివేయవలసి వచ్చినది. జోడేఘాట్ సంఘటన తరువాతనే నిజాము ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుడగు హైమండార్ఫును గోండుల స్థితి విచారింప పంపెను. ఆయన మార్లవాయి గ్రామమున నివసించి, గోండీభాష నేర్చి, 1943లో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చు పాఠశాలకు అక్కడనే అంకురార్పణ చేయించెను. వారికి భూమి పట్టాలు వచ్చుటకు తోడ్పడెను. ఆ విచారణ మూడేండ్లు ముందు జరిగియున్నచో ఎన్ని ప్రాణములు నిలిచెడివో!

మానవశాస్త్రమనగా కొండజాతుల శాస్త్రము మాత్రమే యని తలపరాదు. హైదరాబాదు సమీపమున శామీరుపేట గ్రామమును శ్యామాచరణ దూబే 1951–52లో పరిశీలించి 1955లో ప్రకటించిన గ్రంథము ప్రపంచ విఖ్యాతమైనది. ఆ పని ఉస్మానియా విశ్వవిద్యాలయపు సమాజసేవా విస్తరణ పథకమున భాగముగా జరిగెను. వైద్యము, వ్యవసాయము, పశువైద్యము మున్నగు శాఖల విద్యార్థులును, అధ్యాపకులును ఒక్క గ్రామమున కలిసి పనిచేసిరి. ఉపవిషయమెట్లుండవలెనో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము వేరొకటి లేదు. వ్యవసాయము చదువువాడు రైతు విత్తనము మార్చుటకు ఏల సంకోచించునో, వైద్యము చదువువాడు ప్రసవమునకు ఆసుపత్రికి ఏల రాకున్నారో ఆ గ్రామపు అరుగుమీదనే నేర్చికొనవలెను. సొంత ఊరిని క్రొత్తకన్నులతో చూచుట కొండయెక్కుటకంటె కష్టతరమైన విద్య.

భౌతికశాఖకు నేడు ముక్కుల కొలతతో పనిలేదు. రక్తముతో పని కలదు. మన దేశమున కొడవలికణ రక్తరోగమును 1952లో నీలగిరి తెగలలో కనుగొనిరి. మన మన్యప్రాంతములందును ఆ వ్యాధి కలదు. 2023లో కేంద్రప్రభుత్వమువారు ఏడుకోట్ల మందిని పరీక్షించి 2047 నాటికి దీనిని నిర్మూలింతుమని ఉద్యమము ప్రారంభించిరి. తల్లిదండ్రులిరువురును రోగలక్షణమును లోన మోయువారైనచో ప్రతి బిడ్డకును నాలుగింట ఒకవంతు రోగము వచ్చు ప్రమాదము కలదు. కావున పెండ్లికి ముందు సలహా చెప్పవలసియుండును. గోండులలో నాలుగు, అయిదు, ఆరు, ఏడు వేల్పుల సగలు గలవనియు, ఒక్క సగలోనివారు పరస్పరము వియ్యమందరనియు, మేనరికము వారికి ప్రియమనియు ఎరుగని ఆరోగ్యోద్యోగి చెప్పు సలహా గాలికి పోవును. రక్తపరీక్ష భౌతికశాఖది, వివాహనియమము సాంఘికశాఖది, చెప్పు మాట భాషాశాఖది. మూడును కలిసినప్పుడే ఒక బిడ్డ బ్రతుకును. శాఖలన్నిటిని ప్రధానవిషయమున తప్పనిసరి చేయుటకు ఇంతకుమించిన హేతువు అక్కరలేదు. పురావస్తుశాఖకును మన నేలయే గొప్ప పాఠశాల. నంద్యాల జిల్లా జ్వాలాపురమున సుమత్రాదీవి అగ్నిపర్వతము సుమారు 74 వేల ఏండ్లక్రిందట వెదజల్లిన బూడిదపొరకు క్రిందను పైనను రాతిపనిముట్లు దొరికినవని 2007లో పరిశోధకులు ప్రకటించిరి. అట్టి తావును చూపక గోడమీది బొమ్మ చూపుట న్యాయమా?

ఇక ఉపవిషయమును గూర్చి. ప్రధానవిషయముగా దీనిని చదువువారు ఎన్నడును కొలదిమందియే యుందురు. ఉపవిషయముగా చదువవలసినవారు మాత్రము వేలకొలది గలరు. ఏజెన్సీకి పోవు ఉపాధ్యాయులు, వైద్యులు, అటవీశాఖవారు, రెవిన్యూవారు, న్యాయవాదులు వీరందరు ఆ కోవలోనివారే. 2000లో వెలువడిన 3వ నంబరు జీవో ఏజెన్సీ పాఠశాలల ఉపాధ్యాయ పదవులన్నిటిని స్థానిక గిరిజనులకే కేటాయించెను. నూటికి నూరుపాళ్లు కేటాయించుట రాజ్యాంగ సమ్మతము కాదని 2020 ఏప్రిలు 22వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. ఆ తీర్పును గూర్చి భిన్నాభిప్రాయములు గలవు. కాని ఒక్క మాట నిర్వివాదము. మైదానమునుండి పోవు గురువునకు ద్వారము తెరచినపుడు, ఆ గురువునకు శిష్యుని భాష తెలిసియుండవలెనని విధించుట అన్యాయము కాజాలదు. మన పాఠకులలో భూవసతి గలవారు అనేకులు. 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషను, అనగా వాడుకలో వన్ ఆఫ్ సెవెంటీ చట్టము, ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి చేతులు మారుటను నిషేధించినది. అది ఏల పుట్టినదో ఎరుగనిచో ఆ చట్టము వారికి అడ్డుగోడగా మాత్రమే కనబడును. ఎరిగినచో అన్యాయమునకు వేసిన అడ్డుకట్టగా కనబడును.

ఐఏఎస్ మున్నగు ఉద్యోగముల పరీక్షకు మానవశాస్త్రమును ఐచ్ఛికముగా తీసికొనువారు నేడు పెక్కుమంది. ఆ ఐచ్ఛికమునకు రెండు పత్రములు, 500 మార్కులు. ఇంజనీరింగు చదివినవారు సైతము పాఠ్యభాగము చిన్నదని, బొమ్మలు గీచి మార్కులు తెచ్చుకొనవచ్చునని దీనిని ఎన్నుకొందురు. వారిని మేము తప్పుపట్టము. కాని ఒక్క గూడెమునైనను చూడకుండ గూడెములను గూర్చి వ్రాసి, రేపు ఆ గూడెములకే కలెక్టరుగా పోవు పరిస్థితి శుభసూచకము కాదు. వారికి కళాశాలలోనే ఉపవిషయముగా ఈ చదువు, క్షేత్రనివాసముతో కూడ, లభించినచో పరీక్షకును మేలు, ప్రజలకును మేలు.

క్రొత్త ముసాయిదాలో చరకసుశ్రుతుల, బుద్ధమహావీరుల ఆలోచనలకు చోటు కల్పింపవలెనను మాట వినబడినది. మన పూర్వుల విజ్ఞానమును మనవారు చదువుట తగినదే. కాని చదువు స్వదేశీయమగుట పాఠ్యపట్టికలో పేర్లు చేర్చుటతో ముగియదు. చెంచు ఏ దుంప ఏ ఋతువున త్రవ్వునో, ఏ తేనెపట్టును మిగిల్చి ఏది తీయునో అదియు స్వదేశ విజ్ఞానమే. గ్రంథస్థము కాలేదన్న మాత్రమున తక్కువది కాదు. ఆదిలాబాదు సీమలో గుంజాల గ్రామమున గోండీలిపిలో వ్రాసిన ప్రతులు బయల్పడుట మన కన్నులయెదుట జరిగినదే. గోండులకు వ్రాత లేదని పుస్తకములలో చదివి పరీక్షలలో వ్రాసినవారెందరో! ఊరిలోనికి పోయి అడిగినవారికే ఆ ప్రతులు దొరికినవి.

దీనికి కొన్ని ఆక్షేపణలు రాగలవు. క్షేత్రనివాసమునకు ధనము కావలెనందురు. రసాయనమునకు ప్రయోగశాల కట్టుటకు ధనము దొరకుచున్నది; దీని ప్రయోగశాలకు గోడలు కట్టనక్కరలేదు, ప్రయాణపు ఖర్చును బసయు చాలును. ఆడపిల్లలను పంపుట ఎట్లందురు. అధ్యాపిక వెంటనుండి, ఆశ్రమ పాఠశాలలలో బస యేర్పరచినచో ఈ చిక్కు తీరును. ఏటేట విద్యార్థుల గుంపులు వచ్చి గూడెములను జంతుప్రదర్శనశాలగా చేయుదురను ఆక్షేపణ మాత్రము బరువైనది. దానికి సమాధానము నియమములే. గూడెపు పెద్దల సమ్మతి లేనిదే పోరాదు. అడుగక చిత్రము తీయరాదు. రక్తమునుగాని వంశవృత్తాంతమునుగాని తీసికొనునపుడు దేనికో చెప్పి తీసికొనవలెను. వ్రాసిన నివేదికను వారి భాషలోగాని తెలుగులోగాని వారికి చదివి వినిపింపవలెను.

కావున మా సూచనలివి. మొదటిది: ప్రధానవిషయము చదువు ప్రతివాడును, మార్కులతో నిమిత్తము లేకుండ, 8 క్రెడిట్ల క్షేత్రనివాసము చేయవలెను. గంటలలో అది 240. దినమునకు ఎనిమిది గంటల చొప్పున ఒక నెల. రెండవ యేట పదునైదు దినములు మైదాన గ్రామమున, మూడవ యేట పదునైదు దినములు మన్యమున గడుపవచ్చును. రెండవది: కోయ, గోండీ, సవర, కువి, కొలామీ భాషలలో ఒకదానిని మాటాడగలుగుట విధిగా నుండవలెను, భాషలకు కేటాయించిన క్రెడిట్లలో దానిని చేర్చుకొనవచ్చును. మూడవది: నేరస్థ జాతుల చట్టము మొదలు నేటివరకు ఈ శాస్త్రము చేసిన మేలుకీడులను, పైని చెప్పిన నియమములను ఒక పాఠ్యముగా బోధింపవలెను. నాలుగవది: ఉపవిషయమునకు నిర్ణయించిన 24 క్రెడిట్లను నాలుగేసి క్రెడిట్ల ఆరు పాఠ్యములుగా విభజించి, శాస్త్రపరిచయము, మన రాష్ట్రముల జనజీవనము, భూమి అడవి చట్టములు, ఆరోగ్యము వంశానుక్రమము, ఒక మన్యభాష, క్షేత్రనివాసము అను ఆరింటికి పంచవలెను. అయిదవది: ఏజెన్సీ ఉద్యోగములకు ఈ ఉపవిషయము చదివినవారికి ప్రాధాన్యమీయవలెను. గిరిజన యువకులే ఈ శాస్త్రమును ప్రధానవిషయముగా చదివి తమ్ము గూర్చి తామే వ్రాయునట్లు ప్రోత్సాహవేతనములు కల్పింపవలెను.

ఈ భారము వహింప తగిన సంస్థలు మనకు లేకపోలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమున, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున మానవశాస్త్ర విభాగములు గలవు. రాష్ట్రవిభజన చట్టము ననుసరించి విజయనగరమున 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము ఆరంభమయ్యెను. ములుగున సమ్మక్క సారక్క పేరిట మఱియొకదానికి 2023లో పార్లమెంటు చట్టము చేసినది. చట్రమును ఢిల్లీవారు వేసిరి. దానిలో ఏమి నింపవలెనో నిర్ణయించు స్వాతంత్ర్యము మన విద్యాసభలకు చాలవరకు కలదు. పాఠ్యనిర్ణయ సంఘములు సమావేశమగునపుడు పుస్తకముల పట్టికతో తృప్తిపడక, పట్టభద్రుడు కాబోవువాడు ఎన్ని దినములు ఎవరి ముంగిట కూర్చుండి ఏ భాషలో మాటాడెనని అడుగుదురుగాక. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పగలవానికే ఆ పట్టము తగును.